రెండో మెట్లదారి

ఆ ఏడు ఉగాది వెళ్లీ వెళ్లకముందే ఎండలు ముదిరాయి. కర్నూల్లో పొద్దెక్కితే రోడ్డు మీద మనిషి కనిపించేవాడు కాదు. అలాంటి ఒక మధ్యాహ్నం ఓబుళేశు మా మేడమీద ఉన్న నా ఆఫీసుకు వచ్చి, నన్నారి షర్బతు తాగి, మెడ తుడుచుకుని, ఎంతో మర్యాదగా నా చేతిలోని పని వెనక్కి తీసుకున్నాడు.

ఓబుళేశుకు మంత్రాలయంలో లాడ్జి ఉంది. ఏడాది పొడవునా భక్తులతో నిండుగా ఉండే మూడంతస్తుల కట్టడం. దాని మీద ఇంకో రెండంతస్తులు వేయాలని నన్ను పిలిపించాడు. నేను పోయి చూశాను. కింది నుంచి పైదాకా ఒక్కటే మెట్లదారి. ఆ మెట్ల కింద జనరేటరు, దాన్ని ఆనుకుని వంటగది, గోడవార గ్యాసు సిలిండర్లు. ఏదైనా అంటుకుంటే పొగ ఆ మెట్ల మీదుగానే పైకి పోతుంది. పైనున్నవాళ్లు దిగడానికి ఇంకో దారి లేదు. వెనకవైపు రెండో మెట్లదారి పెడితేనే ప్లాను గీస్తానని, లేకపోతే సంతకం పెట్టనని అప్పుడే చెప్పాను.

"మేడమ్, మీ సదువు మీద నాకు శానా గౌరవం ఉండాది," అన్నాడు ఓబుళేశు గ్లాసు కింద పెడుతూ. "అయితే మెట్లు పెడితే అంతస్తుకో రూము పోతాది. సామి ఆరాధన దినాల్లో ఒగ రూము కోసం జనం నా గడ్డం పట్టుకుని బతిమాలుతాండారు. ఆ రూములు పగలగొట్టి మెట్లు కట్టుకోని నేనేం చేసుకోవాల?"

"ఏం జరక్కుంటే ఆ మెట్లతో ఏం పన్లేదు ఓబుళేశన్నా. జరిగినపుడే పని."

"ఇన్నేండ్లు జరగనిది ఇప్పుడు జరుగుతాదా? పైన సామి ఉండాడు." లేచి నిలబడ్డాడు. "మీరు కాకుంటే సంతకం పెట్టేవాళ్లు లేరా మేడమ్? మా సుదర్శనన్న ఇంట్లో ఆర్కిటెక్టు ఉండాదని ముందు మీ కాడికి వచ్చినా, అంతే."

సుదర్శన్ మా ఆయన. పాతబస్తీలో మా మామగారి కాలం నుంచి ఉన్న రంగుల దుకాణాన్ని ఆయన టైల్సు, బాత్రూము సామాను దాకా పెంచాడు. లాడ్జి పైఅంతస్తులకు కావలసిందంతా మా దుకాణం నుంచే తీసుకుపోతానని ఓబుళేశు అప్పటికే మాట ఇచ్చి ఉన్నాడు. ఆ మాట కూడా షర్బతుతో పాటే అయిపోయిందని నాకు అర్థమైంది.

భోజనాల దగ్గర సుదర్శన్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"నువ్వు సంతకం పెట్టకుంటే లాడ్జి ఆగిపోతాదా సుచీ?" అన్నాడు. "ఆగదు. నువ్వు వద్దన్న పని ఇంకొకరు చేస్తారు. నీకు పనీ రాదు, ఆడ మెట్లూ రావు. ఇంగ నువ్వు సాధించిందేముంది?"

వారం తిరక్కముందే ఆ ప్రశ్నకు జవాబు వసంతకుమార్ సార్ రూపంలో వచ్చింది. లాడ్జి పని ఆయన ఒప్పుకున్నారని సిమెంటు ఏజెంటు ఒకడు చెప్పాడు.

వసంతకుమార్ సార్ దగ్గరే నేను పని నేర్చుకున్నాను. కాలేజీ నుంచి వచ్చిన కొత్తలో ఆయన ఆఫీసులో కిటికీ పక్క బల్ల నాది. గది ఎంత వెడల్పుండాలో కాదు, ఆ గదిలో మనిషి ఎటు తిరిగి పడుకుంటాడో ముందు ఆలోచించమని చెప్పిన మనిషి. అలాంటాయన పొగ ఎటు పోతుందో ఆలోచించలేదంటే నమ్మలేకపోయాను. ఆలోచించే ఒప్పుకున్నారంటే అది ఇంకా కష్టంగా ఉంది.

మా వృత్తివాళ్లకు ఒక సంఘం ఉంది. కర్నూలు కడప ఆర్కిటెక్టుల సంఘం. కిందటేడు ఎవరూ ముందుకు రాకపోతే కార్యదర్శి పదవి నాకు అంటగట్టారు. పేరుకు డెబ్బైమందికి పైగా సభ్యులం. మీటింగు పెడితే వచ్చేది ఒక ఆటోలో పట్టేంతమంది. ఫోన్లో మాకొక గ్రూపు ఉంది. పొద్దున్నే పూలబొమ్మలు, పండగలకు శుభాకాంక్షలు, గండికోటలో ఎవరో కట్టిన రిసార్టు ఫోటోలు. పనిలో ఒకరికి కష్టం వస్తే ఇంకొకరికి తెలిసే దారి మాత్రం అందులో లేదు.

అయినా ఆ గ్రూపులోనే పెట్టాను. అర్జంటు విషయం, ఆదివారం మా ఇంట్లో మీటింగు, అందరూ తప్పక రావాలి అని.

మా అత్తమ్మ సుందరలక్ష్మి ఆ ఆదివారం తెల్లారకముందే లేచింది. అంతకుముందు నా పని గురించి ఆమె పట్టించుకున్నది తక్కువ. "మా కోడలు పైన బొమ్మలు గీస్తాంటాది" అని చుట్టాలకు చెప్పేది. కానీ ఇంటికి మనుషులు వస్తున్నారంటే ఆమెకు ఒళ్లు తెలియదు. బొరుగులు తడిపి పెద్ద గుండిగ నిండా ఉగ్గాని కలిపింది. పళ్లేల కొద్దీ మిరపకాయ బజ్జీలు వేసింది.

నలుగురు వచ్చారు.

వాళ్లలో ఒకరు మా అధ్యక్షుడు రామసుబ్బయ్య సార్. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులతో కడప నుంచి బస్సులో వచ్చారు. నేను లాడ్జి సంగతంతా చెప్పాక ఆయన ఖాళీ కుర్చీలకేసి చూశారు.

"తీర్మానం రాసుకుందామా సార్?" అని అడిగాను.

"నలుగురం రాసుకుంటే అది తీర్మానం ఎట్లయితాదమ్మా? మనకు మనం చెప్పుకునే మాట అయితాది," అన్నారు. బజ్జీ తిని, అత్తమ్మకు దణ్ణం పెట్టి, మళ్లీ బస్సెక్కారు.

మిగిలిన ఉగ్గానిని వీధిలో పంచిపెట్టాక అత్తమ్మ చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"వీళ్లను ఎట్ల పిలిచినావు?"

"గ్రూపులో పెట్టినా అత్తమ్మా. అందరూ చూసినారు. నీలం టిక్కులు పడినాయి."

"నీలం టిక్కులు వచ్చి ఉగ్గాని తింటాయా?" అంది. "మొన్న మీ పిన్నమ్మ మనవరాలి పెండ్లికి ఫోన్లో కార్డు పంపించినారని నువ్వే పోలేదు కదమ్మే. పిలిచిన మాదిరే లేదంటివి. మరి వీళ్లనేంటికి తప్పు పడతాండావు?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆమె నవ్వడం లేదు. అమ్మవారిశాల గుడిలో మహిళా మండలిని ఆమె ముప్పై ఏళ్లు నడిపింది. వయసులో ఉన్నప్పుడు గడపదాటని ఆడవాళ్లను గడపగడపకూ పోయి కూడగట్టింది. ఆ సంగతి నాకు తెలుసు గాని, దానికీ నా పనికీ సంబంధం ఉందని ఆ రోజు దాకా తట్టలేదు.

"మనిషి కాడికి మనిషి పోవాల," అంది అత్తమ్మ. "రేపట్నించి యాడాడికి పోవాల్నో చెప్పు. నేను గూడా వస్తా."

"ఈ ఎండలో మీరేంటికి అత్తమ్మా?"

"నువ్వు ఒక్కదానివే పోతే పని మీద వచ్చిందనుకుంటారు. నేను పక్కనుంటే ఇంటికి వచ్చినారనుకుంటారు."

ఇంకో మీటింగుకు అందరినీ పిలుస్తూ అట్లా మొదలైంది మా తిరుగుడు. వైశాఖమంతా పొద్దున్నే కారు వెనక సీట్లో బంగినపల్లి మామిడిపండ్ల బుట్ట, మజ్జిగ క్యాను, కుంకుమ భరిణె. ముందు సీట్లో కొంగు తల మీదికి లాక్కుని అత్తమ్మ. ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల, మైదుకూరు... ఎండకు రోడ్డు నీళ్లున్నట్టు మెరిసేది. ఏసీ వేస్తే మోకాళ్లు పట్టేస్తాయని అత్తమ్మ అద్దాలు దించమనేది. నంద్యాలలో ఒకాయన ఇంట్లో ఉండి కూడా లేనని చెప్పించాడు. ఆళ్లగడ్డలో ఇంకొకాయన సంఘం పేరెత్తగానే కిందటి అధ్యక్షుణ్ని తిట్టడం మొదలుపెట్టి, మేము లేచేదాకా ఆపలేదు. "తిట్టేవాడు వస్తాడు చూడు," అంది అత్తమ్మ కారెక్కుతూ. ఆయన రాలేదు. ఆమె లెక్క కూడా అప్పుడప్పుడు తప్పేది.

డోన్‌లో దావీదురాజు ఆఫీసు లారీ విడిభాగాల దుకాణం మీద ఉంది. కింద సుత్తి దెబ్బలు, పైన ఆయన గీతలు. నలభై ఏళ్ల మనిషి, నల్లగా, బలంగా ఉన్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు గాని కూర్చోమనడానికి కాస్త సమయం తీసుకున్నాడు.

"చందాకా మేడమ్?" అన్నాడు.

"కాదప్పా, పండ్లు ఇచ్చిపోదామని," అంది అత్తమ్మ బుట్ట ముందుకు జరుపుతూ.

ఆయన మొహం కొంచెం సడలింది. "నేను సంఘానికి ఒగసారి వచ్చినానమ్మా. కర్నూలోళ్లు, కడపోళ్లు స్టేజీ మీద కూర్చున్నారు. నన్ను బొకేలు మోసేదానికి పిలిచినారు. ఒక్క మాట అడిగింది లేదు. మళ్లీ ఏంటికి వస్తా?"

"అడిగింటే ఏం చెప్పేవాడివి నాయనా?"

ఆయన నా వైపు తిరిగి చెప్పాడు. ఊళ్లో కల్యాణ మంటపం ఒకటి, జనం బయటికి పోయే దారి సరిగా లేదని తాను వదిలేశాడట. నెలలోపే ఇంకెవరి సంతకంతోనో పని లేచిందట.

"ఎవరు పెట్టినారో తెలుసా?" అని అడిగాను.

"తెలీదు మేడమ్. తెలుసుకోవాలని గూడా లేదు. ఏంటికంటే..." కిటికీ లోంచి రైలు పట్టాల వైపు చూశాడు. "పత్తికొండ పక్క నేనొక స్కూలు చేసినా. అది ఎవరో వదిలేసిందని పని ముగిసినాక తెలిసింది. ఎవరు వదిలేసినారు, ఏంటికి వదిలేసినారు, నాకు ఇప్పటికీ తెలీదు. మనం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకరు వదిలింది ఒకరు ఎత్తుకుంటాండాము."

నేను లాడ్జి సంగతి చెప్పడానికి ఎన్నో మాటలు సిద్ధం చేసుకుని పోయాను. వాటి అవసరం లేకపోయింది.

"ఈ మాటే ఈసారి మీటింగులో మైకు పట్టుకుని చెప్పాల నువ్వు," అంది అత్తమ్మ. "వచ్చేది కాదు, చెప్పేది నీ పని."

"నాకు మైకంటే భయమమ్మా."

"నాకు ఎండంటే భయం. వచ్చినా కదా?"

కిందికి దిగాక ఆమెను అడిగాను, అందరినీ రమ్మంటే సరిపోదా, పని ఎందుకు అప్పజెబుతున్నారని. "పని చెప్పకుంటే చూసిపోయేదానికి వస్తారు సుచరితా. పని చెప్తే ఇంటోళ్ల మాదిరి ముందే వస్తారు," అంది.

ప్రొద్దుటూరులో నాగజ్యోతి నాకంటే బాగా చదువుకున్నది. పెళ్లికి ముందు హైదరాబాదులో ఆసుపత్రుల ప్లాన్లు గీసే పెద్ద ఆఫీసులో పనిచేసింది. ఇద్దరు పిల్లలయ్యాక మానేసింది. అత్తమ్మ బొట్టు పెట్టబోతే వద్దన్నట్టు వెనక్కి జరిగింది.

"నేనిప్పుడు ఆర్కిటెక్టును కాదక్కా. సభ్యత్వం ఉండాది గాని, ఏం చెయ్యడం లేదు."

"నిప్పంటుకుంటే జనం ఎట్ల బయటపడాలో ఆసుపత్రుల్లో నువ్వు గీసినావు కదా," అన్నాను. "మాలో చాలామందికి అది సరిగ్గా రాదు జ్యోతీ. మాకు గీసి చూపించేవాళ్లు కావాల."

ఆమె చేతులకు గోధుమపిండి ఉంది. ఆ చేతులను చూసుకుంటూ, "గీసి ఆరేండ్లయింది," అంది.

"అయితే ఏం? చెయ్యి నీదే కదా," అంది అత్తమ్మ.

ఈసారి నాగజ్యోతి నుదురు ముందుకు పెట్టింది.

కారులో తిరుగుతూ ఉంటే అత్తమ్మకు కట్టడాల పిచ్చి పట్టుకుంది. దారిలో ప్రతి లాడ్జీకి, ప్రతి కాలేజీకి కారు ఆపమనేది. "దీనికి ఎన్ని మెట్లదార్లున్నాయి?" అని అడిగేది. నేను గీసిన ఇళ్లెక్కడున్నాయో అడిగి, నంద్యాలలో ఒక ఇంటి ముందు దిగి, ముంగిట్లో నిలబడి చాలాసేపు చూసింది. "ఈ ఇల్లు నువ్వే గీసినావా?" అని రెండుసార్లు అడిగింది. పెళ్లయిన పదమూడేళ్లలో నా పని ఆమె చూడటం అదే మొదటిసారి. సాయంత్రం ఇంటికి రాగానే సుదర్శన్‌తో, "నంద్యాలలో మనింటి పిల్ల కట్టిన ఇంట్లో వరండా చూడాల్రా, ఎంత గాలి!" అంది. సుదర్శన్ ఊ కొట్టాడు.

ఆయన ఇంకా ముభావంగానే ఉన్నాడు. అయితే ఒకరోజు అత్తమ్మ గోంగూర ఒలుస్తూ నాకొక మాట చెప్పింది. ఓబుళేశు మా దుకాణంలో సుదర్శన్ దగ్గరికి పోయాడట. వసంతకుమార్ సార్ ప్లాను ఆలస్యం చేస్తున్నారని, నీ భార్య సంతకం పెడితే సామానంతా రేపే తీసుకుపోతానని అన్నాడట.

"ఆయనేమన్నాడు?" అని అడిగాను.

"ఆమె పని ఆమెది, నేను రంగులు అమ్ముకునేవాణ్ని అన్నాడంట. దుకాణంలో గుమాస్తా చెప్పినాడు." గోంగూర కాడలు ఒక పక్కకు నెట్టింది. "వాన్ని అడగద్దు. సిగ్గుపడతాడు."

నేను అడగలేదు.

మీటింగు జూన్‌లో, కడపలో అని రామసుబ్బయ్య సార్ ఖాయం చేశారు. ఇంకా ఒక ఇల్లు మిగిలింది. నేను ఆ పేరు ఎత్తడం లేదని అత్తమ్మ కనిపెట్టింది.

"మీ గురువు ఇంటికి ఎప్పుడు పోదాం?"

"ఆయన్ని పిలిచేది లేదు అత్తమ్మా. ఆయన వల్లనే కదా ఇదంతా."

"అందర్నీ పిలిచి ఒగర్ని వదిలేస్తే అది పిలుపు కాదు, కక్ష," అంది ఆమె. "కక్ష తీర్చుకునేదానికైతే నేను ఇన్ని ఊర్లు తిరిగేదాన్ని కాదు."

వసంతకుమార్ సార్ మమ్మల్ని చూసి గబగబా లేచారు. భార్యను పిలిచి మజ్జిగ తెప్పించారు. ఇంటి ముందుగదే ఆయన ఆఫీసు. కిటికీ పక్క ఒకప్పటి నా బల్ల మీద ఇప్పుడు కంప్యూటరు ఉంది. దాని తెర మీద మంత్రాలయం లాడ్జి. నేను దాన్ని చూడటం ఆయన గమనించారు. తెర ఆపలేదు.

"నా మీద కోపంగా ఉండావు," అన్నారు.

"కోపం కాదు సార్. అర్థం కాలేదు."

"అర్థం కాకపోయేదానికి ఏముంది? ముప్పై ఏండ్లు చూసినా. నేను వద్దంటే ఇంకొకరు పెడతారు. వాళ్లు నాకంటే అధ్వానంగా గీస్తారు. నేనైతే కనీసం జనరేటరన్నా జరిపిస్తా. నీ మాదిరి నేనూ చేసినా ఒకప్పుడు. నాకు పని పోయింది, కట్టడం మాత్రం లేచింది."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతులో గొప్ప లేదు. అలసట ఉంది. ఎన్నో ఏళ్లుగా ఒక్కరే మోసినదేదో కాసేపు దించినట్టుగా ఉంది. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"ఇదే మాట మీటింగులో చెప్పండి సార్," అన్నాను. "నేను కాకుంటే ఇంకొకరు పెడతారని. అందరి ముందర చెప్పండి."

ఆయన వస్తానూ అనలేదు, రాననీ అనలేదు. అత్తమ్మ ఆయన భార్యకు బొట్టు పెట్టి, "మీరిద్దరూ రావాల," అంది.

కడపలో ఆ ఆదివారం పొద్దున రామసుబ్బయ్య సార్ తనకు తెలిసిన ఒక స్కూలు హాలు తెరిపించారు. అత్తమ్మ గుమ్మంలో నిలబడింది. చేతిలో గంధం గిన్నె. పెళ్లివారిని ఆహ్వానించినట్టు వచ్చిన ప్రతివాళ్ల చేతికీ గంధం రాసి, "ఏ ఊరు నాయనా? ముందుకు పోయి కూర్చో," అంటోంది. ఖరీదైన కార్లు దిగినవాళ్లు ముందు బిడియపడి, తర్వాత చిన్నపిల్లల్లాగా చెయ్యి చాపారు.

నాగజ్యోతి అందరికంటే ముందే వచ్చింది. ఇద్దరు పిల్లలు, భర్త, చంకలో చుట్టిన కాగితాలు. గోడ నిండా అంటించింది. ఒక లాడ్జిని పైనుంచి కిందికి నిలువునా కోసినట్టు చూపించే బొమ్మ; కింద మంట, ఆ మంట నుంచి పైకి ఎక్కే బూడిదరంగు పొగ, ఒకే మెట్లదారి ఉంటే ఏ గదిలో వాళ్లు చిక్కుకుంటారో, రెండోది ఉంటే ఎటు దిగుతారో. కంప్యూటరుతో కాదు, చేత్తో గీసింది. పెద్ద పెద్ద వాళ్లు కళ్లజోళ్లు సర్దుకుని ఆ బొమ్మ ముందు గుంపు కట్టారు.

మీటింగు మొదలయ్యే వేళకు హాలు నిండింది. స్కూలు తరగతి గదుల్లోంచి బెంచీలు మోసుకొచ్చారు. రామసుబ్బయ్య సార్ మైకు ముందు నిలబడి, జనాన్ని చూసి, రాసుకొచ్చిన ఉపన్యాసం జేబులో పెట్టేసుకున్నారు. "శానా సంతోషం," అన్నారు. ఇంకేదో అనబోయి, "దావీదురాజు మాట్లాడతాడు," అని కూర్చున్నారు.

దావీదురాజు మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. నాతో చెప్పిందే చెప్పాడు. తాను వదిలేసిన కల్యాణ మంటపం, తాను ఎత్తుకున్న స్కూలు. చివరికి, "నేను అడిగేది ఒక్కటే. ఒకరు ప్రాణభయం ఉందని వదిలేసిన పని మన కాడికి వస్తే, ఒప్పుకునే ముందు వాళ్లకు ఒక్క ఫోను చేద్దాం. ఏంటికి వదిలేసినావప్పా అని అడుగుదాం. ఆ లోపం సరిచేయకుండా ఎవరం సంతకం పెట్టకుండా ఉందాం," అన్నాడు.

ముందు వరసలో ఒకాయన, "చెప్పేదానికి బాగుంటాదప్పా, జరిగేదా?" అన్నాడు. అవునన్నట్టు కొన్ని తలలు ఊగాయి. నాలుగు మాటలు అటూ ఇటూ లేచాయి. నెలన్నర తిరిగింది ఇక్కడ జారిపోతోందేమో అనిపించింది.

అప్పుడు చివరి బెంచీ నుంచి వసంతకుమార్ సార్ లేచారు. ఆయన ఎప్పుడు వచ్చారో నేను చూడలేదు. చేతికి గంధం ఉంది.

"నేను పెట్టకుంటే ఇంకొకరు పెడతారు," అన్నారు. మైకు లేకపోయినా ఆయన గొంతు అందరికీ వినిపించింది. "ముప్పై ఏండ్లుగా నాకు నేను చెప్పుకుంటాండా ఈ మాట. ఆ ఇంకొకరు ఎవరో చూద్దామని ఈరోజు వచ్చినా." హాలంతా ఒకసారి చూశారు. "అందరూ ఈడనే ఉండారు."

అంతే అని కూర్చున్నారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రామసుబ్బయ్య సార్ మెల్లగా చెయ్యెత్తారు. నాగజ్యోతి ఎత్తింది. ఆ వెనక హాలులో చేతులు ఒక్కొక్కటిగా లేచాయి. జరిగేదా అని అడిగిన ఆయన అందరికంటే ఆలస్యంగా, పక్కవాళ్లను చూసుకుంటూ ఎత్తాడు. నేను తిరిగి గుమ్మం వైపు చూస్తే, అత్తమ్మ కూడా గంధం గిన్నె ఒక చేత్తో పట్టుకుని ఇంకో చెయ్యి ఎత్తి నిలబడి ఉంది. ఆమె సభ్యురాలు కాదని ఎవరూ అనలేదు.

సోమవారం పొద్దునే వసంతకుమార్ సార్ ఓబుళేశుకు ఫోన్ చేసి రెండో మెట్లు లేకుండా కాదన్నారు. ఓబుళేశు కోపంతో ప్లాను తీసుకుని ఊరూరా తిరిగాడు. ఆ వారమంతా నా ఫోను మోగుతూనే ఉంది. ఎమ్మిగనూరు నుంచి ఒకరు, కడప నుంచి ఇద్దరు. "సుచరితా మేడమ్, మంత్రాలయం లాడ్జి మా కాడికి వచ్చింది. మీరేంటికి వదిలేసినారు?" నేను చెప్పేదాన్ని. "అట్లనా, సరే మేడమ్, మేమూ అదే చెప్తాం," అని పెట్టేసేవాళ్లు. ఆఖరి ఫోను అనంతపురం నుంచి, మా సంఘంలో లేని మనిషి. కడప మీటింగు గురించి ఎవరో చెప్పారట. ఫోను పెట్టేశాక నేను కిందికి దిగి అత్తమ్మకు చెప్పాను. అంత గర్వంగా నాకు డిగ్రీ చేతికి వచ్చిన రోజున కూడా అనిపించలేదు.

ఓబుళేశు తిరిగి తిరిగి, రెండో మెట్లకు ఒప్పుకుని వసంతకుమార్ సార్ దగ్గరికే పోయాడు. పని నాకు రాలేదు. సామాను ఆదోనిలో కొన్నాడు గనక మా దుకాణానికీ రాలేదు. సుదర్శన్ ఆ మాట ఎత్తలేదు. ఆ నెల సంఘం మీటింగు కర్నూల్లో అంటే మాత్రం, "మన పైఅంతస్తు సాలదు, దుకాణం గోడౌను ఖాళీ చేయిస్తా," అన్నాడు.

శ్రావణంలో సామి ఆరాధన ఉత్సవాలకు అత్తమ్మ నన్ను మంత్రాలయం తీసుకుపోయింది. తుంగభద్రలో నీళ్లు వచ్చాయి. ఊరు ఊరంతా జనం. దర్శనం చేసుకుని లాడ్జి వెనక్కి పోయాం. పైఅంతస్తులు ఇంకా లేవలేదు. మెట్లదారి మాత్రం ముందుగా పైదాకా పోశారు. సిమెంటు పూత లేదు, రంగు లేదు, పక్కన తాత్కాలికంగా ఇనుప పైపులు కట్టారు. కింది మూడంతస్తుల్లో దిగిన భక్తులు అప్పుడే దాని మీద నడుస్తున్నారు. పైపుల మీద తడి పంచెలు, చీరలు ఆరేసి ఉన్నాయి.

అత్తమ్మ కొంగు దోపుకుని ఎక్కింది. రెండో మలుపు దగ్గర ఆయాసం వచ్చి కూర్చుంది. రాయచూరు నుంచి వచ్చిన ఒకామె అక్కడే తల ఆరబెట్టుకుంటోంది.

"ఈ పక్క గాలి శానా బాగుండాదమ్మా," అంది ఆమె. "లాడ్జి మీదా?"

అత్తమ్మ నా వైపు చూడలేదు. మోకాలు నిమురుకుంటూ, తాపీగా చెప్పింది.

"లాడ్జి మాది కాదు తల్లీ. ఈ మెట్లు మావి."